పొగ పైకెల్తే పోయినట్టేనా తమ్ముడూ?

మొన్న గాజువాక ఆటోనగర్లో మా ఊరి కుర్రాడొకడు కనిపించాడు. వాడి బొలెరో పికప్పు ఓ వెల్డింగ్ షెడ్డు ముందు ఆపి ఉంది. కేబిన్‌కీ వెనక బాడీకీ మధ్యలోంచి నిలువుగా ఓ గొట్టం లేపుతున్నారు, అచ్చం ట్రాక్టరుకి ఉన్నట్టు. తళతళలాడే స్టీలు, మూతి ఏటవాలుగా కోసి ఉంది.

"ఏటిరా ఇది?" అన్నాను.

"స్టాకు బాబాయ్. అమెరికా మోడలు. రీల్స్‌లో సూళ్లేదేటి? సౌండు అదిరిపోద్ది. పొగ కూడా పైకెలిపోద్ది, ఎవులికీ తగల్దు."

షోకు సంగతి అలా ఉంచు. ఆ వయసులో నేనూ సైకిల్‌కి రిబ్బన్లు కట్టినోణ్ణే. కానీ ఆ చివరి మాట దగ్గర నాకు కాలు కదల్లేదు. పైకెళ్లిపోతే ఎవరికీ తగలదన్న మాట విశాఖలో పుట్టి పెరిగినోళ్లం చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. అందుకే ఈ గొట్టం సంగతి కాస్త వివరంగా రాద్దామనిపించింది.

ట్రాక్టరుకి ఎందుకు పైకి పెట్టారు?

ట్రాక్టరు పని దుమ్ములో, గడ్డిలో, బురదలో. పొగ గొట్టం కింద పెడితే దుమ్ము లేపుతాది, ఎండుగడ్డికి నిప్పు అంటుకునే ప్రమాదం, దమ్ములో దిగితే బురద కొడతాది. అందుకే పైకి పెట్టారు. అమెరికాలో పెద్ద ట్రక్కులకి కేబిన్ వెనక నిలువు గొట్టాలు పెట్టింది, పొగ పక్కనెళ్లే కార్ల మీదకీ మనుషుల మీదకీ పోకుండా ఎత్తులోంచి వదలాలని. ఆ గొట్టం వెనక ఉండేది మూసిన ట్రెయిలరు, అందులో సరుకు. మనిషి ఉండడు.

మల్కాపురం రిఫైనరీ దగ్గర ఆయిల్ ట్యాంకర్ని ఎప్పుడైనా చూశావా? దాని సైలెన్సరు ముందు బంపరు కింద ఉంటాది. వెనకున్న పెట్రోలుకి వేడి, నిప్పురవ్వ దూరంగా ఉండాలని. అంటే గొట్టం ఎక్కడ పెట్టాలో తేల్చేది బండి వెనకా పక్కనా ఏముందన్న లెక్క.

మరి మన పికప్పు వెనక ఎవరుంటారు? తెల్లారగట్ల సబ్బవరం, కె.కోటపాడు వైపు రోడ్డు మీద నిలబడి చూడు. ఊడ్పులకీ, చెరకు నరకడానికీ, సిటీలో బిల్డింగు పనులకీ వెళ్లే ఆడోళ్లు, కేబిన్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటారు. సరుకుబండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం చెప్తాది. బస్సు రాని ఊళ్లో ఆళ్లేం చేస్తారు, ఎక్కుతారు. నువ్వు లేపిన గొట్టం మూతి సరిగ్గా ఆళ్ల మొహం ఎత్తులో ఉంటాది. బండి వేగంగా పోతుంటే కేబిన్ వెనక గాలి సుడి తిరిగి కిందకి దిగుతాది. పైకి వదిలిన పొగలో కొంత మళ్లీ బాడీలోకే వస్తాది. ఓ కుదుపుకి చెయ్యి జారి గొట్టం పట్టుకున్నారనుకో, తోలు ఊడొస్తాది.

డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. అనుమానమున్నవాటి జాబితాలో కాదు, పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న మొదటి జాబితాలోనే పెట్టింది.

గొట్టం లోపల ఏముంది?

చాలామంది కుర్రాళ్లు పొగ గొట్టమంటే ఒట్టి పైపే అనుకుంటున్నారు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండిలో అది ఓ చిన్న ఫ్యాక్టరీ. పొగ ఇంజిన్లోంచి టర్బోకి, అక్కడ్నుంచి విషవాయువుల్ని మార్చే కన్వర్టర్‌కి, తర్వాత మసి పట్టే ఫిల్టర్‌కి వెళ్తాది. డీపీఎఫ్ అంటారే, అదే ఆ ఫిల్టరు. అందులో మసి నిండినప్పుడు ఐదారు వందల డిగ్రీల వేడి పుట్టించి కాల్చేసుకుంటాది. దారి పొడుగునా సెన్సార్లు. నిలువు గొట్టం కోసం ఈ సామానంతా కోసి పక్కన పారేస్తే మీటర్లో లైటు వెలుగుతాది, బండి బలం తగ్గించుకుని ఈడుస్తాది. అప్పుడు ఇంకొకడి దగ్గరికెళ్లి కంప్యూటర్ని ఏమార్చడానికి మళ్లీ డబ్బులు పొయ్యాలి.

పాత బండైనా తిప్పలు తప్పవు. ఇంజిన్ రబ్బరు బుష్‌ల మీద ఊగుతాది, బాడీకి బిగించిన గొట్టం ఊగదు. మధ్యలో సాగే బెల్లో లేకపోతే వెల్డింగ్ పగులుతాది. పగిలేది ఎక్కడో కాదు, నీ వీపు వెనకే. ఆ సందులోంచి పొగ కేబిన్లోకి దూరితే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటాది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఏసీ వేసుకుని ఇంజిన్ ఆన్‌లో పెట్టి లోడింగు పాయింట్లో కునుకు తీసే డ్రైవర్లకి ఇది ప్రాణం మీదకి తెస్తాది. గొట్టం మూతికి మూత లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. వెనక గోనెసంచులు, టార్పాలిను, గడ్డిమోపులు వేడి గొట్టానికి ఆనుకుంటే ఏమవుతాదో నేను చెప్పక్కర్లేదు.

సైలెన్సరు తీసేస్తే పికప్ పెరుగుతాదంటారు. పెరిగేది చప్పుడు. నల్లపొగ ఎక్కువ వదిలితే బలమున్న బండి అనుకుంటారు. నల్లపొగంటే సగం కాలి బయటికి పోయిన డీజిల్. డబ్బులు పోసి కొన్న డీజిల్ని అలా గాల్లో కలుపుతున్నావన్నమాట.

చట్టం ఏమంటాది?

కేంద్ర మోటారు వాహనాల రూల్సు 1989లో వచ్చాయి. పొగ కిందకి పోకూడదు, ఎడమ వైపుకి పోకూడదని 112వ రూల్లో రాసుంది. ఎడమ వైపు మనుషులు నడుస్తారు, బస్సు కోసం నిలబడతారు. రూలు రాసినోడు అక్కడ నిలబడ్డ మనిషినే తలుచుకున్నాడు. 113వ రూలు పొగ గొట్టానికీ డీజిల్ పైపుకీ కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలంటాది. సైలెన్సరు లేకుండా ఏ బండీ తిరగకూడదని 120వ రూలు.

కంపెనీ ఇచ్చిన బండిని సొంతంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తాది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. అదే ఏడు చట్టం సవరించాక, అనుమతి లేని సామాను బిగించిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. పొగ, చప్పుడు హద్దు దాటితే మొదటిసారే 10,000 దాకా. మన విశాఖలోనే పోలీసులు మార్చిన బైకు సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు. పికప్పు బైకు కాదు, దాని మీద ఈఎమ్ఐ ఉంటాది, ఇల్లు నడుస్తాది. ఎఫ్‌సీ ఆగితే బండి ఆగుతాది. యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు వాళ్లకి మెలిక పెట్టడానికి నువ్వే దారి చూపించినట్టు.

నిజమైన కష్టం ఉంటే?

కొందరు షోకు కోసం కాదు, కష్టం కోసం పైకి పెడతానంటారు. అదీ నిజమే. ఇక్కడ సముద్రపు గాలికి ఇనుము తొందరగా తినేస్తాది. హార్బర్ నుంచి చేపలు మోసే బండైతే ఐసు కరిగిన ఉప్పునీళ్లు పైపు మీదే కారతాయి. దానికి మందు, నీళ్లు పైపు మీద పడకుండా బాడీ కింద కాలవ పెట్టడం, వారానికోసారి మంచినీళ్లతో కింద కడగడం, తుప్పు పట్టిన ముక్క మార్చి అదే దారిలో బిగించడం. వానకి జ్ఞానాపురం లాంటి చోట నీళ్లలో బండి చస్తాదని భయమా? ఇంజిన్ని ఎక్కువ పాడు చేసేది గాలి పీల్చే దారిలోంచి దూరే నీరు. గొట్టం ఎంత పైకి లేపినా దాన్ని ఆపలేదు. నల్లపొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు చూపించు. ఆ ఖర్చు స్టాకు ఖర్చు కంటే పనికొస్తాది.

అమెరికా మోడలు అన్నాడు కదా, ఆ సంగతీ చెప్తాను. అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్క తీసింది. పదేళ్లలో ఐదున్నర లక్షలకి పైగా డీజిల్ పికప్పులకి పొగ శుభ్రం చేసే సామాను పీకేశారని తేలింది. అక్కడా అది నేరమే. రీల్స్‌లో ఆ ముక్క చూపించరు.

ఇదంతా చెప్పాక మా కుర్రాడు ఒక్క మాట అడిగాడు. "మరి పోర్టు బొగ్గు దుమ్మో బాబాయ్? ఫ్యాక్టరీ చిమ్నీలో? ఆళ్లనెవులడుగుతారు? నా గొట్టమొకటే కనిపించిందేటి?"

మంచి ప్రశ్న. అటు కైలాసగిరి కొండ, ఇటు యారాడ కొండ, మధ్యలో మన ఊరు ఓ గిన్నె. శీతాకాలం పొద్దున్నే ఆ గిన్నెలో పొగ కదలకుండా కూర్చుంటాది. ఎంత ఎత్తు చిమ్నీ కట్టినా పొగ పల్చబడుతాది గానీ మాయమైపోదు. కేంద్రం 2019లో గాలి బాగోలేని నగరాల జాబితా రాస్తే అందులో విశాఖ ఉంది. ఇళ్ల మీద బొగ్గు పొడి పడుతోందని జనం మొత్తుకోవడం ఈనాటిది కాదు. చిన్న బండికి చలానా నిమిషంలో వస్తాది, పెద్ద చిమ్నీకి నోటీసు ఏళ్లకేళ్లు నడుస్తాది. ఈ అన్యాయం మీద కోపం ఉండాల్సిందే.

కానీ ఆ కోపంతో కలెక్టరాఫీసు ముందు నిలబడ్డ రోజున, "మీ బండి పొగ సంగతేంటి?" అని ఒకడు అడుగుతాడు. అప్పుడు మన నోరు మూతపడకూడదు. పొగ పైకెళ్లిపోతాది, ఎవరికీ తగలదని ఆళ్లు చెప్తే ఒప్పుకోని మనం, అదే మాట మన పికప్పు ఎక్కిన ఆడోళ్లకి ఎలా చెప్తాం?

వాడేమీ అనలేదు. "మీ యమ్మ కూలికెల్లినప్పుడు బండిలో ఎక్కడ నిలబడతాది?" అని అడిగాను. కేబిన్ వైపు చూశాడు. వెల్డింగ్ కుర్రాణ్ణి కాసేపు ఆగమన్నాడు. నేనొచ్చేసరికి ఇంకా తేల్చుకోలేదు. మీ ఊళ్లో ఎవడైనా ఇదే పని చేయిస్తుంటే, ముందు వాణ్ణి బండి వెనకెక్కి ఓ పది కిలోమీటర్లు నిలబడి రమ్మనండి. ఆ తర్వాత వాడిష్టం.