మీకు తెలుసా? చేపల పులుసు వాసన కారును ఎందుకు వదలదంటే...

వంజరం పులుసు క్యారియర్ కారులో ఒలికితే, ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ గుప్పుమంటుంది. సముద్రపు చేపల నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమీన్. ఇది 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. అందుకే కారు ఎండలో నిలిపితే సీటు గుడ్డలో ఇంకినదంతా పైకి లేస్తుంది. బొచ్చె, రాగండి లాంటి మంచినీటి చేపల్లో దీన్ని పుట్టించే పదార్థం తక్కువ.

దీనిది క్షార గుణం, కాబట్టి పులుపుకు లొంగుతుంది. పులుసులో చింతపండు చేసే మేలూ అదే. తెల్ల వెనిగర్‌లో రెండింతల నీళ్లు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, మరక మీద అద్దండి. రంగు పోతుందేమో ముందు సీటు కింద ఓ మూల చూసుకోవడం మంచిది. ఒలికింది పాలైతే మాత్రం వెనిగర్ వద్దు. పాలు చెడిన కంపు బ్యుటిరిక్ లాంటి ఆమ్లాలది. దానికి వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, వాక్యూమ్‌తో లాగాలి. సెంటు బుడ్డీలు ఏ వాసననూ తీయవు, పైన ఇంకోటి పూస్తాయంతే.

చాలామంది ఏసీ సంగతి మరిచిపోతారు. లోపలి గాలే తిరుగుతుంటే కేబిన్ ఫిల్టర్‌కూ వాసన పడుతుంది. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. మార్చేటప్పుడు యాక్టివేటెడ్ బొగ్గు ఉన్నదే అడగండి. ఆ బొగ్గు ఒక్క గ్రాములో సూక్ష్మరంధ్రాల ఉపరితలం 500 చదరపు మీటర్లకు పైమాటే. పొయ్యి బొగ్గు అంత పని చేయదు.