ముందుగా చేయి చాపేదెవరు?

ఊళ్లో అంటుజాడ్యం పుట్టింది. నిన్న పక్క వీధిలో ఇద్దరు పోయారు. ఇవాళ మీ వీధి చివర ఒకరికి జ్వరం వచ్చిందంటున్నారు. ఇంతలో ఒక డాక్టరు వచ్చి, "ఈ జబ్బుకు టీకా తయారయింది. కొత్తగా కనిపెట్టిందే. వేయించుకుంటావా?" అని అడిగాడనుకోండి. మీరేమంటారు?

"వేయండి" అని వెంటనే చొక్కా చేయి పైకి మడిచేవాళ్లు కొద్దిమందే ఉంటారు. "ముందు నలుగురినీ వేయించుకోనివ్వండి, చూద్దాం" అనేవాళ్లే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు. తెలియనిదాన్ని చూసి జంకడం మనిషి స్వభావం. కాని ఒక చిక్కుంది. ఊళ్లో అందరూ "ముందు నువ్వు, తరువాత నేను" అంటూ కూర్చుంటే ఆ నలుగురూ ఎక్కడినుంచి వస్తారు? ఎవరో ఒకరు ముందుగా చేయి చాపాలి కదా! అలా చాపడం తెగింపా, తెలివా? చాపకపోవడం పిరికితనమా, జాగ్రత్తా? జవాబు వెతకాలంటే నూట ఇరవై అయిదేళ్లకు పైగా వెనక్కి, బొంబాయి నగరానికి వెళ్లాలి.

బొంబాయిలో ప్లేగు

1896 సెప్టెంబరు. బొంబాయి రేవుకు దగ్గరగా ఉన్న మాండ్వీ పేటలో జనం ఒక వింత జబ్బుతో చనిపోసాగారు. విపరీతమైన జ్వరం, గజ్జల్లోనూ చంకల్లోనూ గడ్డలు, కొద్ది రోజుల్లోనే మరణం. అక్కడ వైద్యం చేస్తున్న డాక్టర్ అకాసియో వీగస్ ఇది ప్లేగు అని గుర్తుపట్టాడు. 1894లో హాంకాంగ్‌ను పట్టి పీడించిన ఆ మహమ్మారి ఓడలెక్కి ఒక రేవునుంచి మరో రేవుకు పాకుతూ ఉండేది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. ఎలుకల ఒంటిమీద ఉండి నెత్తురు పీల్చే చిన్న పురుగులే దీన్ని మనుషులకు అంటిస్తున్నాయన్న సంగతి కూడా 1898 దాకా బయటపడలేదు. లక్షలాది జనం నగరం వదిలి పారిపోయారు.

ఆ అక్టోబరులో వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు బొంబాయి చేరాడు. ఆయన ఒడెస్సా నగరంలో పుట్టినవాడు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ కలరాకు టీకా తయారుచేసి, 1892లో మొదట తన ఒంటికే వేసుకున్నాడు. తరువాత మన దేశానికి వచ్చి, కలకత్తా మురికివాడల్లో ఆ టీకా వేశాడు. ఇప్పుడు ప్లేగు పని ఆయన చేతిలో పడింది.

నేతి చుక్కల కింద ఊడలు

టీకా అంటే ఏమిటి? శరీరానికి శత్రువును ముందుగా పరిచయం చేయడమే. కొన్ని టీకాలలో జబ్బు కలిగించే సూక్ష్మజీవులను చంపి, ఆ చచ్చినవాటిని శరీరంలోకి ఎక్కిస్తారు. అవి జబ్బు కలిగించలేవు. కాని శరీరం వాటి రూపురేఖలను గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు శత్రువు వస్తే ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉంటుంది.

చంపాలంటే ముందు పెంచాలి గదా! గ్రాంట్ మెడికల్ కాలేజీలో దొరికిన చిన్న చోటులో హాఫ్‌కిన్ పని మొదలుపెట్టాడు. సీసాలలో మాంసపు రసం పోసి, దానిమీద నేతి చుక్కలు తేలేటట్లు చేశాడు. ఆ చుక్కల అడుగున ప్లేగు సూక్ష్మజీవులు పెరిగి, మర్రి ఊడల్లాగా కిందికి వేలాడేవి. సీసాను కుదిపితే ఊడలు తెగి అడుగున పడేవి. మళ్లీ కొత్త ఊడలు దిగేవి. ఇలా సమృద్ధిగా పెంచి, వేడిచేసి వాటిని చంపేవాడు. మొదలుపెట్టిన మూడు నెలలకు టీకా సిద్ధమైంది.

1897 జనవరి 10న హాఫ్‌కిన్ దాన్ని మొదట తానే వేయించుకున్నాడు. పది ఘన సెంటీమీటర్ల మందు! తరువాత ఇతరులకు ఇచ్చిన మోతాదుకు ఇది మూడింతలు. జ్వరం వచ్చింది. సూది పొడిచినచోట నొప్పి పుట్టింది. కొద్ది రోజుల్లో తగ్గిపోయింది. ఆ తరువాతే ఆయన ఇతరులను అడిగాడు.

ఒక్కరు బతికితే రుజువేనా?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. హాఫ్‌కిన్ బతికి బయటపడ్డాడు. దానివల్ల ఏం తేలింది? ఆ మందు ఆయనను చంపలేదని తేలింది. అంతే! అది ప్లేగును అడ్డుకుంటుందని తేలలేదు. ఆయనకు ఆ తరువాత ప్లేగు రాకపోతే, అది టీకా మహిమో, అసలు సోకకపోవడమో ఎవరు చెప్పగలరు? ధైర్యం గొప్పదే. కాని ధైర్యం వేరు, రుజువు వేరు.

రుజువు కావాలంటే రెండు గుంపులను పోల్చి చూడాలి. ఆ జనవరి నెలాఖరున బైకుల్లా జైలులో ప్లేగు పుట్టింది. ఖైదీలలో ఇంచుమించు సగం మంది టీకాకు ఒప్పుకున్నారు. టీకా లేనివారిలో ఎక్కువమందికి జబ్బు చేసింది. మరణాలూ వారిలోనే ఎక్కువ. అయితే జైల్లో ఉన్నవాడు "సరే" అంటే అది మనస్ఫూర్తిగా అన్న మాటేనా? ఈనాడైతే ఈ ప్రశ్న తప్పక అడుగుతారు.

ఇంతకన్న మంచి పరీక్ష 1898లో బరోడా దగ్గర ఉంధేరా అనే పల్లెలో జరిగింది. ప్రతి కుటుంబంలోనూ సగం మందికి టీకా వేశారు, సగం మందికి వేయలేదు. ఒకే ఇల్లు, ఒకే తిండి, అవే ఎలుకలు! తేడా అల్లా టీకాయే. ప్లేగు ప్రవేశించిన ఇళ్లలో టీకా వేయించుకున్నవారు 71 మంది. వారిలో 8 మందికి ప్లేగు వచ్చింది, ముగ్గురు మరణించారు. వేయించుకోనివారు 64 మంది. వారిలో 27 మందికి వచ్చింది, 26 మంది మరణించారు.

లెక్క కట్టి చూడండి. టీకా లేనివారిలో నూటికి 42 మందికి జబ్బు వచ్చింది. ఉన్నవారిలో నూటికి 11 మందికి వచ్చింది. టీకా వజ్రకవచం కాదు. కాని అపాయాన్ని బాగా తగ్గించింది.

భయాలూ బలవంతాలూ

ఇంత మేలుచేసే టీకాకు జనం ఎగబడి ఉంటారని అనుకుంటున్నారా? లేదు. టీకా వేయించుకుంటే మనిషి అక్కడికక్కడే చస్తాడనే పుకార్లు పుట్టాయి. వాటికి కారణం జనం తెలివితక్కువతనం కాదు. ప్లేగు పేరుతో అధికారులు ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు. రోగులను బలవంతంగా ఈడ్చుకుపోయారు. పూనాలో ఆగ్రహం ఎంతగా రగిలిందంటే, అక్కడి ప్లేగు కమిషనర్ రాండ్‌ను 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చారు. తలుపులు బద్దలుకొట్టిన ప్రభుత్వమే సూది తెస్తే ఎవరు నమ్ముతారు?

బలవంతం చేయలేని పనిని ఒక ఉదాహరణ చేసింది. ఖోజాల మతగురువు ఆగాఖాన్ అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండని యువకుడు. అనుచరులు జంకుతుంటే ఆయన అందరి ఎదుటా టీకా వేయించుకున్నాడు. తమవాడు, తమకు తెలిసినవాడు చేయి చాపాడు. అది చూసి వేలమంది ముందుకు వచ్చారు.

ఒక సీసా కథ

ఇంతలో పిడుగు పడింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. వారిలో 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ఆ 19 మందికీ ఒకే సీసాలోని మందు వేశారు. నింద హాఫ్‌కిన్ ప్రయోగశాల మీద పడింది. ఆయనను పనినుంచి తప్పించారు.

నిజం తేలడానికి ఏళ్లు పట్టింది. గ్రామంలో సీసా తెరిచేటప్పుడు పటకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయని మీరు చదువుకునే ఉంటారు. హాఫ్‌కిన్ పక్షాన గట్టిగా వాదించినవారిలో రోనాల్డ్ రాస్ ఒకడు. మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రాస్ ఆయనే. చివరికి 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని ఒప్పుకున్నారు. ఆయన పనిచేసిన బొంబాయి ప్రయోగశాలకు 1925లో హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టారు.

ఆ 19 మంది మాత్రం తిరిగిరాలేదు. టీకా మంచిదే అయినా దాన్ని తయారుచేసే చేయి, సీసా తెరిచే చేయి, సూది పొడిచే చేయి అన్నీ శుభ్రంగా ఉండాలి. తప్పు జరిగితే దాచకుండా విచారించాలి. నమ్మకం నిలిచేది అప్పుడే.

మన కాలంలో

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఇదే కథ మళ్లీ నడిచింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి తయారుచేసిన కోవాగ్జిన్ కూడా, హాఫ్‌కిన్ టీకాలాగే, చంపిన క్రిమితో చేసినదే. మొదటి దశలో 375 మంది తమంతట తాము ముందుకు వచ్చి చేతులు చాపారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనూ ఈ పరీక్షలు జరిగాయి. మూడో దశలో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది. ఎవరికి ఏది వేశారో వారికీ తెలియదు, వేసిన డాక్టర్లకూ తెలియదు. మనసులోని ఆశ, భయం లెక్కలను తారుమారు చేయకుండా ఈ ఏర్పాటు.

అయితే ఈ మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరిలో, ఆ టీకాకు అనుమతి ఇచ్చారు. "ఫలితాలేవి?" అని చాలామంది అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ ఏడాది జులైలో లెక్కలు బయటికి వచ్చాయి. లక్షణాలతో కూడిన జబ్బును ఆ టీకా నూటికి 78 పాళ్ల వరకు తగ్గించిందని తేలింది. మొదట్లో ఆసుపత్రి సిబ్బందిలోనే కొందరు వెనుకాడారు. వేసవిలో రెండో విడత జబ్బు విరుచుకుపడ్డాక జనం టీకా కోసం బారులు తీరారు. ఆలోచించుకునే వ్యవధి లేకుండా అప్పటికే ఎందరికో ఆలస్యమైపోయింది.

మీరైతే?

కొత్త టీకా ఎదుట నిలబడినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఎంతమంది మీద పరీక్షించారు? టీకా లేని గుంపుతో పోల్చారా? ఏయే బాధలు కనిపించాయి, ఎంతమందిలో? ఆ లెక్కలు అందరికీ చూపించారా? వేసిన తరువాత కూడా గమనిస్తున్నారా? వీటితోపాటు మరో ప్రశ్న: వేయించుకోకపోతే నాకూ, నా ఇంట్లోని ముసలివారికీ ఎంత అపాయం?

ఈ చివరి ప్రశ్నను మనం తరచు మరచిపోతాం. సూది వేయించుకోవడం ఒక్కటే నిర్ణయమనీ, ఊరికే ఉండడం నిర్ణయం కాదనీ అనుకుంటాం. ఉంధేరాలో టీకా లేనివారికి ఏమైందో చూశారు కదా! ఊరికే ఉండడానికీ ఒక ఖరీదు ఉంటుంది. తక్కెడలో రెండు వైపులా తూచాలి.

ప్రశ్న అడగడం పిరికితనం కాదు. జవాబు వచ్చిన తరువాత కూడా వినకపోవడమే తప్పు. హాఫ్‌కిన్ తన ఒంటికి సూది పొడుచుకుని ఊరుకోలేదు. లెక్కలు కూడా చూపించాడు. అడిగి, విని, తూచి, ఆ తరువాత చేయి చాపేవాడిది గుడ్డి ధైర్యం కాదు. రేపు అలాంటి రోజు మళ్లీ వస్తే, మీ వీధిలో "ముందు నలుగురినీ వేయించుకోనివ్వండి" అన్నప్పుడు, ఆ నలుగురిలో మీరూ ఒకరు కావచ్చు.