చలువ అద్దములు చల్లనివేనా?

నల్ల కళ్ళద్దములను మన యిండ్లలో చలువ అద్దములందురు. వీధిలోనికి పోయినచో తమిళము మాటలాడు ఇరుగుపొరుగువారు వానినే కూలింగ్ గ్లాసనుచున్నారు. రెండు భాషలును ఒక్క మాటయే చెప్పుచుండగా, ఈ అద్దము వెలుతురును చల్లార్చునని మన పిల్లలు నమ్ముటలో వింత యేమున్నది?

ఒకనాడు మేము తొమ్మిదవ తరగతిలో, నల్లద్దము చేయు పని యేమని అడిగితిమి. అమావాస్య రాత్రిని కరగించి గాజులో పోయుదురని ఒక బాలుడు చెప్పెను. వేరొక బాలిక అతనిని మించినది. దీపము వెలుతురునిచ్చుట అబద్ధమట. అది చీకటిని పీల్చునట. పీల్చి పీల్చి కడుపు నిండుటచేతనే పాత ట్యూబులైటు కొనలు నల్లబడునట! నల్లద్దము చీకటితో నిండిన స్పాంజి వంటిదట. దీపము చీకటిని పీల్చుననుట లోకమున పాత పరిహాసమే యైనను, స్పాంజి మాత్రము ఆమె సొంతము. తరగతితో పాటు మేమును నవ్వితిమి.

నవ్విన పిమ్మట, రెండు అద్దములను, ఒకటి నల్లనిది, ఒకటి తెల్లనిది, ఎండలో కొంతసేపు ఉంచి తాకి చూడుమంటిమి. నల్లనిదే ఎక్కువ వెచ్చనైనది. అందలి రంగు కాంతిలో కొంత భాగమును గ్రహించి వేడిగా మార్చుచున్నది. చలువ అద్దమే వేడెక్కినదన్నమాట! ట్యూబులైటు సంగతియు అంతే: లోపలి తీగచుట్టల పదార్థము ఆవిరియై గాజుకు అంటుకొనుటచే కొనలు నల్లబడుచున్నవి.

స్పాంజి కథను నమ్మినవాడెవడును లేడు. చలువ కథను మాత్రము తల్లిదండ్రులు కూడ నమ్ముచున్నారు, మా భయమదియే. మన కంటిపాప మంచి ఎండలో ముడుచుకొని సుమారు 2 మి.మీ. వ్యాసముండును, చీకటిలో 7 మి.మీ. వరకు విప్పారును. నల్లద్దము వెనుక అది కొంత విప్పారును. 400 నానోమీటర్లకు లోబడిన అతినీలలోహిత కిరణములు కంటికి కనబడవు గనుక, అద్దము వానిని ఆపుచున్నదో లేదో దాని నలుపును చూచి చెప్పజాలము. ఆపని అద్దమైనచో, విప్పారిన పాపలోనికి అవి మరింతగా చొచ్చును. తిరునాళ్ళలో పిల్లలకు కొనియిచ్చు బొమ్మ అద్దములను గూర్చియే చెప్పుచున్నాము. "యు.వి. 400" అను గుర్తుండి, నమ్మదగిన అంగడిలో దొరకునవి కొనుడు.

ఎంత మంచివైనను వానితో సూర్యుని చూడరాదు. ఎండకు వాడు సాధారణపు నల్లద్దములు నూటికి 8 మొదలు 18 పాళ్ళు కాంతిని లోనికి విడుచును. గ్రహణమును చూచుటకు తగిన అద్దము ముప్పదివేలలో ఒక పాలైనను విడువరాదు. రెటీనాకు నొప్పి తెలియదు. కాలినను పిల్లవాడు అబ్బా యనడు.

2019 డిసెంబరు 26న కోయంబత్తూరు, దిండిగల్లు ప్రాంతములలో కంకణగ్రహణము కనబడెను. 2031 మే 21న తమిళనాట మరల కనబడనున్నది. ఆనాడు సూర్యునికి వీపు త్రిప్పి వేపచెట్టు నీడను చూడుడు. ఆకుల సందులనుండి నేలపై బడు వెలుగుచుక్కలు చిన్నచిన్న కంకణములై కనబడును. దానికి ఏ అద్దమును అక్కరలేదు.