లంకణం పరమౌషధమేనా?

జ్వరం వచ్చినా, కడుపు బాగా లేకపోయినా ‘లంకణం పరమౌషధం’ అనడం మన ఇళ్లలో అలవాటు. ఈమధ్య ఫోన్లలో తిరిగే వీడియోలు దానికి ‘ఆటోఫాజీ’ అనే కొత్త పేరు తగిలించాయి. ఉపవాసముంటే ఒంట్లోని చెడునంతా కణాలే తినేస్తాయనీ, క్యాన్సర్ కూడా తగ్గిపోతుందనీ నమ్మి రోగికి అన్నం మాన్పించేవారు ఉన్నారు. కాబట్టి అసలు సంగతి ఏమిటో తెలుసుకుందాం.

ఆటోఫాజీ అంటే తనను తాను తినడం. వినడానికి భయంగా ఉన్నా, ఇది మన శరీరంలోని దాదాపు అన్ని కణాల్లో రోజూ జరిగే పనే. కణంలోని మాంసకృత్తులు కొన్ని పాడవుతుంటాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు అరిగిపోతుంటాయి. అటువంటి భాగాల చుట్టూ ఒక పలుచని పొర పెరిగి సంచిలా మూసుకుంటుంది. ఆ సంచి లైసోజోమ్ అనే మరో సంచితో కలుస్తుంది. అందులోని ఎంజైములు సరుకును జీర్ణం చేస్తాయి. వచ్చిన ముడి పదార్థాలను కణం మళ్లీ వాడుకుంటుంది. చిరిగిన చీరలతో బొంత కుట్టుకోవడం వంటిదే ఇది.

1963లో ఈ పేరు పెట్టినది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమి 1990లలో ఈస్ట్ కణాలను ఆకలితో ఉంచి, దీన్ని నడిపించే జన్యువులను కనిపెట్టారు. 2016లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆహారం, ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం ఈ పనిని పెంచుతుంది. భోజనం చేశాక ఇన్సులిన్ పెరిగితే తగ్గిస్తుంది. బొడ్డుతాడు తెగిన బిడ్డకు కాసేపు తల్లి నుంచి ఆహారం అందదు కదా! అప్పుడేం జరుగుతుందో జపాన్ పరిశోధకులు ఎలుక పిల్లల్లో పరిశీలించి 2004లో ప్రకటించారు. పుట్టిన కొన్ని గంటల్లో వాటి కణాల్లో ఆటోఫాజీ బాగా పెరిగి, ఒకటి రెండు రోజుల్లో మామూలు స్థాయికి వచ్చింది. ఆటోఫాజీ జరగని పిల్లలు ఒక్క రోజులోనే చనిపోయాయి. అయితే గమనించండి, పాలు పడే వరకు గండం గడిపేందుకే అది సాయం. అది పాలకు బదులు కాదు.

క్యాన్సర్ విషయం ఇంకా చిక్కైనది. ఆరోగ్యంగా ఉన్న కణానికి ఆటోఫాజీ కాపలాదారు. గడ్డ ఏర్పడ్డాక మాత్రం, రక్తం సరిగా అందని చోట క్యాన్సర్ కణాలు కూడా ఇదే ఉపాయంతో బతుకుతాయి. అందుకే ఆటోఫాజీని అడ్డుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందులను క్యాన్సర్ రోగుల్లో పరీక్షిస్తూ వచ్చారు. పస్తు పెడితే గడ్డ ఒక్కటే మాడదు. ముందు రోగి కండ కరుగుతుంది, చికిత్సను తట్టుకునే బలం తగ్గుతుంది.

ఆపరేషన్‌కు ముందు ఏమీ పెట్టవద్దనడం వేరు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆ జాగ్రత్త. డాక్టరు చెప్పిన అటువంటి సందర్భాల్లో తప్ప, మీరుగా రోగికి తిండి మాన్పించకండి. ఒకేసారి తినలేకపోతే కొద్దికొద్దిగా ఇడ్లీ, మెత్తని పప్పన్నం, గుడ్డు, పెరుగు పెట్టండి. కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారికి ఏది ఎంత పెట్టాలో డాక్టరునే అడగండి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు శుక్రవారమైనా, ఏకాదశైనా, రంజానైనా డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాసం ఉండకూడదు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే షుగరు పడిపోయిందేమోనని అనుమానించి వెంటనే నర్సును పిలవండి. రోగి వరుసగా రెండు పూటలు ఏమీ తినకపోతే, రౌండ్స్ వరకు ఆగకుండా ఆ సంగతి కూడా నర్సుకు చెప్పండి.