పంట కాపలాలో నిద్రను పోగొట్టుకోకండి

మహానంది చుట్టుపక్కల అరటి రైతులకు రాత్రిపూట నిద్ర కరువు. నల్లమల దిగి వచ్చే అడవి పందులు దుంపలతో సహా అరటి మొక్కలను పెళ్ళగించి పోతాయి. అందుకని డబ్బాలు కొట్టుకుంటూ తోటలోనే కాపలా కాయాల్సి వస్తోంది. తెల్లారి ఇంటికొచ్చి నడుం వాలుద్దామంటే నీళ్ళు కట్టడం, మందు కొట్టడం, కూలీల పని కాచుకొని ఉంటాయి. రైతు సోదరులారా! పంటను కాపాడుకోవాల్సిందే. కానీ నిద్ర చాలని ఒంటితో చేసే సేద్యం ప్రాణం మీదికి తెస్తుంది.

నిద్రలో జరిగేది ఏమిటి?

నిద్ర అంటే మెదడు పని మానుకోవడం కాదు. దాదాపు గంటన్నరకు ఒక విడత చొప్పున రాత్రికి నాలుగైదు విడతలు సాగుతుంది. ముందు రాత్రి గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. కలల నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. ఈ సంగతిని 1953లో చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. ఆ సమయంలో కాళ్ళు, చేతుల కండరాలు సడలిపోతాయి. అందుకే కలలో పందిని తరిమినా మనం మంచం మీదే ఉంటాం.

మెలకువ, కల, గాఢనిద్ర వేరువేరు అని మాండూక్యోపనిషత్తులో మన పెద్దలూ చెప్పారు.

మెదడులో ఒక గడియారం ఉంటుంది. పగటి వెలుతురే దానికి కీ ఇస్తుంది. ఒంట్లోని ఈ గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ఎంత గట్టి మనిషికైనా రెప్ప వాలేది ఈ గడియారం వల్లే. పగలు పడుకున్నా నిద్ర పలుచగా ఉండేదీ అందుకే.

నిద్ర చాలకపోతే?

వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం సారా ఉన్నవాడి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. అంటే చుక్క ముట్టకపోయినా తాగినట్టే లెక్క. ట్రాక్టరు మీద రెండు మూడు సెకన్ల కునుకు చాలు. పురుగు మందు కొలతలో పొరపాటు, మోటారు దగ్గర ఏమరుపాటు ఇలాంటప్పుడే జరుగుతాయి. ఏళ్ళ తరబడి నిద్ర తక్కువైతే రక్తపోటు, చక్కెర జబ్బు ముప్పు కూడా పెరుగుతుంది.

కాపలా రైతులు ఏం చేయాలి?

* పక్క పొలాల వాళ్ళతో కలిసి వంతులు వేసుకోండి. ముందు రాత్రి ఒకరు, వెనక రాత్రి ఒకరు మేలుకుంటే ఇద్దరికీ నాలుగైదు గంటల వరుస నిద్ర దక్కుతుంది.
* పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. రాత్రి తక్కువైనది పగలు చీకటి గదిలో పడుకొని పూడ్చుకోండి.
* జాగారం చేసిన మరునాడు మందు కొట్టడం, ట్రాక్టరు నడపడం వాయిదా వేయండి. తప్పనిసరైతే ముందు అరగంటైనా కునుకు తీయండి.
* టీ ప్రభావం ఐదారు గంటల తర్వాత కూడా సగం మిగులుతుంది. కాపలా దిగే వేళకు తాగవద్దు. సారా తాగితే నిద్ర తొందరగా పట్టినా మధ్యలో చెడుతుంది.
* నేల మీద పడుకోవద్దు. కట్ల పాము రాత్రిపూటే తిరుగుతుంది, కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. కాటు అనుమానం వస్తే మంత్రాలని కాలయాపన చేయక వెంటనే ఆస్పత్రికి పోవాలి.
* 2024లో మహానంది గుడి పరిసరాల్లో చిరుతపులి కనిపించింది. ఒంటరిగా కాపలాకు పోకండి.
* నిద్ర కోసమని కంచెకు కరెంటు పెట్టవద్దు. అది నేరం. తెల్లారి తోటలోకి వచ్చే మీ ఇంటి మనిషే దానికి బలి కావచ్చు.

గెల కోసే దాకా తోటకు ఎన్ని కాపలా రాత్రులు పడతాయో ముందే లెక్క వేసుకోండి. పెట్టుబడి లెక్కలో ఎరువుకు, మందుకు ఇచ్చే చోటే నిద్రకూ ఇవ్వండి.