కంట్రోలర్ గీతలు, వాన కమ్మీలు

గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద కూర్చుని "రైలెందుకు నిలిపేశాడురా వీడు" అని విసుక్కోని మనిషుండడు. ఆ నిలిపినాయన స్టేషన్లో ఉండడు నాయనా. డివిజన్ కంట్రోల్ ఆఫీసులో చార్టు ముందర కూర్చునుంటాడు. సెక్షన్ కంట్రోలర్ అంటారు.

ఆ చార్టులో అడ్డంగా టైము, నిలువునా స్టేషన్లు. కింద గుంతకల్లు, పైన ఆదోని, నడుమ ఆస్పరి అనుకో. బళ్లో నీచేత బట్టీ పట్టించే ఎక్స్ అక్షం, వై అక్షం ఇవే. ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఎడం, గంటకు ఎన్ని గళ్లు అని ముందే తేల్చుకోవాలి. అది స్కేలు.

గుంతకల్లులో పదింటికి బండి కదిలితే అక్కడో చుక్క. ఆస్పరి దాటిందని కబురొస్తే అక్కడో చుక్క. కలిపితే ఏటవాలు గీత. గీత నిటారుగా లేస్తే బండి జోరుగా పోతున్నట్టు, వాలిపోతే ఈడుస్తున్నట్టు. అడ్డంగా పడుకుందా? టైము గడుస్తోంది, దూరం జరగలేదు. నువ్వు విసుక్కునేది ఆ ముక్కనే.

ఆదోని నుంచి వచ్చే బండి గీత పైనుంచి దిగుతుంది. రెండు గీతలూ కోసుకున్నచోట క్రాసింగు. సింగిల్ లైనైతే ఆ కోత కచ్చితంగా స్టేషను గీత మీదే పడాలి. నడుమ పడితే ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురెదురు! అందుకే ఒక బండిని ముందే ఆపి, దాని అడ్డగీతను కాస్త సాగదీస్తాడు. ఇప్పుడు పెన్సిలు పోయి కంప్యూటరొచ్చింది గానీ గీతల తీరు అదే.

ఫ్రాన్స్‌లో మారే అనే శాస్త్రవేత్త 1885 నాటి పుస్తకంలో పారిస్-లియాన్ రైళ్లను ఇట్లే చూపించాడు. పద్ధతి ఐబ్రీ అనే ఇంజనీరుదంటారు. అప్పటికి మద్రాసు నుంచి మన గుంతకల్లు మీదుగా రాయచూరుకు లైను కలిసి 14 ఏళ్లు.

అన్నిటికీ గీత కుదరదు. రెండు చుక్కల నడుమ కూడా రైలు ఎక్కడో ఒకచోట ఉంటుంది, కాబట్టి కలపొచ్చు. నెలవారీ వాన అట్ల కాదు, ఏ నెలది ఆ నెలదే. దానికి కమ్మీ చిత్రం గీయాలి. అనంతపురానికి ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. నెలల్లో సెప్టెంబరు కమ్మీదే పొడుగు.

కమ్మీ సున్నా నుంచే లేవాలి. 500 దగ్గర మొదలుపెట్టి గీశావనుకో, 510 పడిన ఏటికంటే 550 పడిన ఏడు ఐదింతలు కనిపిస్తుంది. నిజం తేడా నూటికి ఎనిమిది. రైలు చార్టుకు ఈ పట్టింపు లేదు. అర్ధరాత్రి నుంచి గీసినా, పొద్దున ఎనిమిది నుంచి గీసినా వాలు మారదు. కమ్మీలో కన్ను పొడవును కొలుస్తుంది, రైలు గీతలో వాలును.

ఇంకో తిరకాసుంది. ఆగస్టు వానంతా రెండు రోజుల్లో దంచి, మిగతా నెలంతా ఎండ కాసినా కమ్మీ ఎత్తు అంతే. వేరుశనగ ఊడలు దిగేటప్పుడు నేలలో పదునుందో లేదో ఆ కమ్మీ చెప్పదు. దాన్ని విప్పి, రోజుకొకటి చొప్పున 31 సన్న కమ్మీలు గీసుకోవాలి.