డల్లాస్‌కి ఎన్ని గంటలు?

"ఏమే, డల్లాస్ ఎంత దూరం?"

చెల్లెలి పురిటికి టికెట్ తీశాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. సికింద్రాబాద్‌లో రైలెక్కి విజయవాడలో దిగడమే ఆవిడకి తెలిసిన ప్రయాణం. అరవై నాలుగేళ్లు, పదేళ్లుగా షుగరు, పైగా ఒంటరిగా వెళ్లాలి.

మా అబ్బాయి గ్లోబు తెచ్చి దారం పెట్టి చూపించాను. దారం పడమటికి కాదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్లింది! ఆ దారిన దాదాపు 14,400 కిలోమీటర్లు. కానీ హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. 2021 జనవరిలో చికాగోకి ఒకటి వేశారు గానీ, అది ఎక్కువ కాలం నడవలేదు.

అమ్మ దుబాయ్ మీదుగా వెళ్లాలి. దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. అక్కడి నుంచి డల్లాస్‌కి మరో 12,900, పదహారు గంటల పైమాటే. మధ్యలో మూడు నాలుగు గంటల పడిగాపులు. 2008 మార్చి దాకా మనకి బేగంపేట విమానాశ్రయం పక్కనే ఉండేది. ఇప్పుడు శంషాబాద్‌కి మూడు గంటల ముందే చేరాలి. అన్నీ కలిపితే ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి ముప్ఫై గంటలు!

నా అసలు భయం ఇన్సులిన్ గురించే. డల్లాస్ గడియారం మనకన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక. మరి ఏ గడియారం చూసి వేసుకోవాలి? డాక్టరుగారు వేళలన్నీ కాగితం మీద రాసిచ్చారు. ఇన్సులిన్ పెట్టెలో పెట్టొద్దనీ, మందుల చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోమనీ చెప్పారు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందట. అందుకే మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి, మంచినీళ్లు తాగుతుండాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు వెళ్తుంటే చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పి ఉంచండి. నడవగలిగినా సరే, విమానం మారే చోట తోడు దొరుకుతుంది. ఆవకాయ చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో సర్దండి. అక్కడి కస్టమ్స్‌వాళ్లు అడిగితే ఏం తెచ్చారో దాచకుండా చెప్పమనండి.

ఇదంతా చెప్పి, "అంతసేపు కూర్చోగలవా అమ్మా? మానేద్దామా?" అన్నాను.

అమ్మ దారం చుట్టి నా చేతికిచ్చింది. "నాన్న పోయినప్పుడు అది రెండు రోజులకి గానీ రాలేకపోయింది. ఆ రెండు రోజులూ దారిలో ఒక్కతే ఏడ్చుకుంటూ వచ్చింది. నేను సంతోషంగా పోతున్నాను, ముప్ఫై గంటలు నాకో లెక్కా? ముందు ఆ నీళ్లు తాగే సంగతీ, సూది వేళలూ పెద్దక్షరాలతో రాసివ్వు."

రాసిచ్చాను. రెండు గడియారాలూ పక్కపక్కనే గీసి మరీ.